ఆదివారమే ఎందుకంటే...

‘ఏట్రా, ఎలాగున్నావ్?’

పలాస స్టేషన్లో రైలు దిగినవాడికి ఈ పిలుపు చాలు. వచ్చినవాడికి పొట్ట పెరిగింది, ఎదురొచ్చినవాడికి జుట్టు ఊడింది. అయినా ఆ క్షణాన ఇద్దరూ పదో తరగతి గుంటలే! సంక్రాంతికో వేసవి సెలవులకో ఉద్దానం బళ్లలో జరిగే పూర్వ విద్యార్థుల కలయికలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి.

అక్కడిదాకా రావడమే కష్టం. చదువయ్యాక ఈ తీరంలో నిలిచేవాళ్లు తక్కువ. ఒకడు సైన్యంలో, ఒకడు హైదరాబాద్‌లో, ఇంకొకడు గుజరాత్‌లోని వేరావల్ రేవులో చేపల పడవ మీద. ఫోన్‌లో గ్రూపు పెట్టగానే ఉద్యోగస్తులు వారంలోగా చేరిపోతారు. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆమె సంగతి ఎవరికి గుర్తొస్తుంది? అసలు ఆడపిల్లల్ని వెతకడం మరీ కష్టం. పెళ్లితో ఊరూ ఇంటిపేరూ రెండూ మారతాయి. బడి రిజిస్టరులో ఉండేది పుట్టింటి పేరే. అది పట్టుకుని వెళ్లి వాళ్ల వదిననడిగితే, ‘మందస దగ్గర ఇచ్చాం బాబూ’ అని ఆనవాలు దొరుకుతుంది. ఇలా గడపగడపా తిరిగేవాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. సాధారణంగా వాడిది చివరి బెంచీ. ఫస్టు మార్కులాయన చందా పంపి ఊరుకుంటాడు!

టెక్కలిలో చదివినవాళ్లు కలిస్తే కబుర్లలో ముందు కూత పెట్టేది నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్న రైలు. 1900లో మొదలైన ఆ నేరోగేజ్ బండి 2004లో ఆగింది. 2011లో ఆ దారినే పెద్ద రైలు వచ్చింది. సుఖంగానే ఉంది గానీ, దాని మీద చెప్పుకోవడానికి కథలు లేవు.

మాస్టారు వచ్చేసరికి సందడి సద్దుమణుగుతుంది. ఎవరో ఒకరు సరదాకి, ‘హాజరు పిలవండి మాస్టారూ’ అంటారు. ఆయనా సరదాగానే మొదలుపెడతారు. నాలుగో పేరుకో అయిదో పేరుకో జవాబు రాదు. మరో రెండు పేర్ల తర్వాత మళ్లీ రాదు. మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు.

ఉద్దానంలో ఆ మౌనం వెనక చాలాసార్లు ఉండేది కిడ్నీ జబ్బే. 1990ల నుంచీ ఇక్కడి ఊళ్లను పీడిస్తున్నా, కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. ముదిరేదాకా పైకి కనపడదు. క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటేనే బయటపడుతుంది. డయాలసిస్ కోసం ఒకప్పుడు విశాఖ పరుగెత్తేవారు. తర్వాత సోంపేట, పలాస, కవిటిల్లో కేంద్రాలొచ్చాయి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు రెండొందల పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది.

అందుకే ఇక్కడ కలయికకు రోజు కుదర్చడం ఓ లెక్క. ఒకడికి డయాలసిస్ సోమ, బుధ, శుక్రవారాలు. ఇంకొకడికి మంగళ, గురు, శనివారాలు. ఇద్దరికీ కుదిరేది ఆదివారమే. సెలవు దొరకలేదని ఆరోజు మానేసే బెంగళూరు మిత్రుడికి ఈ లెక్క తెలిస్తే బాగుండు.

తోటలో భోజనాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కూల్చేసిన చెట్లు పోగా మిగిలినవి కొన్ని, తర్వాత నాటినవి కొన్ని. బొండం కొట్టి అందిస్తే, డయాలసిస్ మీదున్న నేస్తం చెయ్యి అడ్డం పెడతాడు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, అది వంట్లో పేరుకుంటే గుండెకే ముప్పు. పనసతొనలదీ అదే సంగతి. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగినవాడు, ‘నువ్వు తాగరా, నేను చూస్తాను’ అంటాడు. ఇచ్చినవాడికి ఆ బొండం ఏం చేయాలో తోచదు.

పోగైన చందాతో బడికి వేదిక కట్టించి, దాని మీద బ్యాచ్ పేరు రాయించాలని ఎవరో అంటారు. మంచిదే. కానీ ఆ డబ్బులోంచి ముందు తీయాల్సింది ఆ నేస్తం ఆటో కిరాయి. ఈ మాట కూడా తరచుగా చివరి బెంచీ నుంచే వస్తుంది.

సాయంత్రం రైలెక్కేవాళ్లు ఎక్కుతారు. మర్నాడు సోమవారం. పొద్దున్నే బండి తెచ్చి అతణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లేదెవరో ప్లాట్‌ఫాం మీదే మాట్లాడుకుంటారు.