విడుదలతో ముగియని బాధ్యత: ఆటోమేషన్ రంగంలో సాఫ్ట్‌వేర్ ఉపకరణాలు

(ప్రత్యేక వ్యాసం)

సిమెంటు కర్మాగారమైనా, మంచినీటి శుద్ధి కేంద్రమైనా నేడు మోటార్లను, వాల్వులను నడుపుతున్నది పి.ఎల్.సి.గా వ్యవహరించే చిన్న కంట్రోలర్. ఏ క్షణాన ఏమి చేయాలో ఆ కంట్రోలరుకు తెలిపే ప్రోగ్రామును ఇంజనీర్లు ఒక ప్రత్యేక సాఫ్ట్‌వేరు సహాయంతో రూపొందిస్తారు. యంత్రం ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తుంది. సాఫ్ట్‌వేరు నడిచే కంప్యూటరు మాత్రం అయిదారేళ్లకే పాతబడుతుంది. ఈ రెండు ఆయుర్దాయాల నడుమ ఉన్న అంతరమే ఆటోమేషన్ కంపెనీల ముందున్న ప్రధాన సమస్య. అందువల్ల ఈ రంగంలో సాఫ్ట్‌వేరును విడుదల చేయడంతో బాధ్యత ముగియదు, అక్కడి నుంచే ఆరంభమవుతుంది.

రిలేల నుంచి కంప్యూటరు తెరకు

1968లో అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ సంస్థ తన కర్మాగారంలోని వందలాది రిలేల స్థానంలో వాడదగిన ఎలక్ట్రానిక్ సాధనం కావాలని కోరింది. దాని ఫలితంగా 1969లో మోడికాన్ 084 కంట్రోలర్ రూపొందింది. ఎలక్ట్రీషియన్లకు అప్పటికే పరిచితమైన రిలే సర్క్యూటు చిత్రాలను పోలిన ‘లాడర్’ పద్ధతిలో దానికి ప్రోగ్రాము రాసే వీలు కల్పించారు. వాడేవారి పరిజ్ఞానానికి దగ్గరగా ఉండడమే ఆ ఉపకరణం విజయానికి మూలమని చెప్పవచ్చు. అనంతరం కంపెనీకొక భాష పుట్టుకొచ్చిన నేపథ్యంలో, 1993లో ఐ.ఇ.సి. 61131-3 అంతర్జాతీయ ప్రమాణం అయిదు ప్రోగ్రామింగ్ భాషలను నిర్దేశించింది.

దశలవారీగా విడుదల

జర్మనీకి చెందిన సీమెన్స్ అనుభవం ఈ సందర్భంగా పరిశీలించదగినది. కంట్రోలరుకు ఒకటి, ఆపరేటరు తెరకు ఒకటి, డ్రైవులకు మరొకటి చొప్పున వేర్వేరుగా ఉన్న సాఫ్ట్‌వేర్లను ఒకే గొడుగు కిందికి తెచ్చేందుకు ఆ సంస్థ 2010లో ‘టి.ఐ.ఎ. పోర్టల్’ను ప్రకటించింది. అంతకు ముందు సంవత్సరం, అంటే 2009లో, ఎస్7-1200 అనే చిన్న కొత్త కంట్రోలరుతో ఈ తరహా సాఫ్ట్‌వేరును పరిచయం చేసింది. పెద్ద కంట్రోలర్లను, వాటికి సంబంధించిన పాత ప్రోగ్రాములను కొత్త వేదికకు మార్చే సౌకర్యం తరువాతి దశలలో సమకూరింది. 1990వ దశకం మధ్యలో వచ్చిన ఎస్7-300 శ్రేణి ఉపసంహరణ ప్రక్రియ 2023లో గాని మొదలు కాలేదు. అంటే కొత్త సాఫ్ట్‌వేరు వెలువడిన తరువాత కూడా పాత తరాన్ని పదేళ్లకు పైగా వెంట మోయవలసి వచ్చిందన్నమాట.

పరీక్ష, భద్రత

కార్యాలయ సాఫ్ట్‌వేరులో లోపముంటే ఒక ఉత్తరం పాడవుతుంది. కర్మాగారంలో అదే లోపం మనిషి ప్రాణం మీదికి తేవచ్చు. అందుకే అసలు యంత్రానికి ఎక్కించక ముందే ప్రోగ్రామును కంప్యూటరులో నడిపి చూసే సిమ్యులేషన్ సౌకర్యం ఇటువంటి సాఫ్ట్‌వేర్లలో ముఖ్యభాగమైంది.

2010 జూన్‌లో బయటపడిన ‘స్టక్స్‌నెట్’ మరొక ప్రమాదాన్ని వెల్లడించింది. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలోని సెంట్రిఫ్యూజులపై గురిపెట్టిన ఈ వైరస్, ఇంజనీర్లు వాడే స్టెప్ 7 సాఫ్ట్‌వేరులోనే చొరబడింది. కంట్రోలరులో తాను చేర్చిన ఆదేశాలు ఇంజనీరు కంటపడకుండా దాచింది. ఉపకరణాన్నే నమ్మలేని స్థితి ఏర్పడవచ్చునని ఆనాడు పరిశ్రమకు తెలిసివచ్చింది. నాటి నుంచి పాస్‌వర్డులు, డిజిటల్ సంతకాలు, భద్రతా సవరణల విడుదల వంటివి ఈ సాఫ్ట్‌వేర్ల తయారీలో ప్రాముఖ్యం సంతరించుకున్నాయి.

హైదరాబాదుతో అనుబంధం

ఈ పరిణామాలు తెలుగు ఇంజనీర్లకు దూరమైనవి కావు. 1987లో కాలిఫోర్నియాలో స్థాపితమైన వండర్‌వేర్ కంపెనీ విండోస్‌పై పనిచేసే ‘ఇన్‌టచ్’ ఆపరేటరు సాఫ్ట్‌వేరుతో ప్రసిద్ధి చెందింది. ఆ సంస్థ 1998లో సీబ్ చేతికి, 1999లో జరిగిన విలీనంతో ఇన్వెన్సిస్‌కు, 2014లో ష్నైడర్ ఎలక్ట్రిక్‌కు చేరింది. 2018లో దాని సాఫ్ట్‌వేర్ వ్యాపారం అవీవాలో కలిసింది. ఇన్వెన్సిస్ కాలం నుంచే హైదరాబాదులో అభివృద్ధి కేంద్రం ఉంది. యాజమాన్యాలు ఎన్ని మారినా ఇన్‌టచ్ పేరు నేటికీ నిలిచి ఉండడం గమనార్హం. కర్మాగారాలకు కావలసింది ఇటువంటి కొనసాగింపే.

కొనుగోలుదారుల జాగ్రత్తలు

మంచినీటి పథకాల వంటి ప్రజోపయోగ వ్యవస్థలు కూడా ఇటువంటి కంట్రోలర్లపైనే ఆధారపడుతున్నాయి. కాంట్రాక్టరు యంత్రాలను అప్పగించి వెళ్లిన తరువాత ప్రోగ్రాము అసలు ప్రతి, పాస్‌వర్డు, లైసెన్సు అందుబాటులో లేకపోతే చిన్న మార్పునకు సైతం పంపులను ఆపుకొని ఎదురుచూడవలసి వస్తుంది. టెండరు నిబంధనలలోనే ఈ మూడింటి అప్పగింత, వాడిన సాఫ్ట్‌వేరు వెర్షను వివరాలు, సిబ్బందికి శిక్షణ స్పష్టంగా పేర్కొనడం అవసరం. కొత్త వెర్షనులో భద్రపరచిన ప్రాజెక్టు సాధారణంగా పాత వెర్షనులో తెరుచుకోదు. కాబట్టి వెర్షను మార్చే ముందు పాత ప్రతిని విడిగా దాచిపెట్టుకోవాలి.

పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. విద్యార్థులు సైతం ఒక కంపెనీ సాఫ్ట్‌వేరు మెనూలకే పరిమితం కాకుండా, ప్రామాణిక భాషలపై పట్టు సాధిస్తే ఏ ఉపకరణం మారినా ఉపాధికి లోటు ఉండదు. సాఫ్ట్‌వేరు విడుదలనాడు చేసే ఆర్భాటం కన్నా, పదిహేనేళ్ల తరువాత పాత ప్రోగ్రామును తెరచి సరిదిద్దగలగడమే దాని నాణ్యతకు నిజమైన గీటురాయి.