పోటీ తూటాల యెన్నిక

పిస్తోలు పోటీ యనగానే మన పాఠకులకు హైదరాబాదు యువతి ఈషాసింగు పేరు స్ఫురింపక మానదు. 2023 సంవత్సరమున చైనాలోని హాంగ్‌ఝౌ పట్టణమున జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పోటీయందు రజతపతకమును గడించి ఆమె దేశమునకు కీర్తి తెచ్చినది. ఆ పోటీలో వాడు చిన్న తూటాలు కర్మాగారమున తయారై వచ్చునవే. వానిలో ఏది తన పిస్తోలుకు పొసగునో పరీక్షించి యెన్నుకొనుటతో క్రీడాకారుని పని తీరును. కాని పిస్తోలు క్రీడలలో వేఱొక శాఖ కలదు. అందు పాల్గొనువారు పలువురు తమ తూటాలను తామే చేతితో కూర్చుకొందురు. ఆ కూర్పునందు దేనిని మేలైనదిగా నెన్నవలెనను ప్రశ్న ఆ క్రీడాలోకమున నిత్యము చర్చకు వచ్చుచున్నది. ఆ విషయమై మా యభిప్రాయమును నేడు మనవి చేయుచున్నాము.

ఈ శాఖకు ప్రాక్టికల్ షూటింగు అని పేరు. 1976 లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున, కొలంబియా పట్టణమున దీని అంతర్జాతీయ సమాఖ్య యేర్పడినది. జెఫ్ కూపర్ దానికి తొలి యధ్యక్షుడు. గుఱి, బలము, వేగము అను మూడును ఆ సమాఖ్యకు మూలసూత్రములు. పోటీదారుడు నిలిచినచోటనే నిలువక, పరుగిడుచు, మలుపులు తిరుగుచు, అనేక లక్ష్యములను కొట్టవలెను. వచ్చిన గుణములను పట్టిన సెకనులచే భాగించి ఫలితమును తేల్చుదురు. కావున గుఱి తప్పినను నష్టమే, ఆలస్యమైనను నష్టమే.

వేగము కొఱకు బలమును విడనాడకుండుటకై వారొక కట్టుబాటును పెట్టుకొనిరి. గుండు బరువును గ్రెయినులలోను, దాని వేగమును సెకనుకు అడుగులలోను కొలిచి, రెంటిని హెచ్చించి, వెయ్యిచే భాగింతురు. వచ్చిన యంకము లఘుతరగతికి 125 కు తగ్గరాదు. స్టాండర్డు విభాగమున గురుతరగతికి 170 కావలెను. లక్ష్యమధ్యమున తగిలిన గుండుకు రెండు తరగతులకును 5 గుణములే. మధ్యమునకు వెలుపల తగిలినప్పుడు గురుతరగతివానికి 4, 2 చొప్పునను, లఘుతరగతివానికి 3, 1 చొప్పునను వచ్చును. పోటీనాడు అధికారులు పోటీదారుని తూటాలను కొన్నిటిని తీసికొని, గుండును తూచి, వేగమాపక యంత్రముపై కాల్చి చూతురు. 125 కు చాలనిచో అతడు పోటీలో కాల్చుటకు తడవు లేదుగాని, అతని గుణములు మాత్రము లెక్కకు రావు.

ఇచ్చటనే ప్రలోభము పుట్టుచున్నది. బలము తగ్గినకొలది పిస్తోలు వెనుదన్ను తగ్గును. వెనుదన్ను తగ్గినకొలది రెండవ గుండుకు గుఱి త్వరగా కుదురును. కావున 125 గీతను తాకీతాకనట్లు మందు పోసికొనువారు లేకపోలేదు. మెత్తదనమువలన లాభములేదని మేమనము. బరువైన గుండును త్వరగా మండు మందుతో మెల్లగా నడపినచో చేతికి హాయిగా నుండునన్నమాట అనుభవజ్ఞులెల్లరు నెఱిగినదే. కాని గీతమీద నిలుచుట కత్తిమీద సామువంటిది.

లెక్క చూతము. 124 గ్రెయినుల గుండు సెకనుకు 1010 అడుగుల వేగముతో పోయినచో అంకము 125.24. ఆనాడు వేగము 5 అడుగులు తగ్గినంతమాత్రమున అంకము 124.62 కు దిగజారును. నెలల సాధన, ప్రయాణపు వ్యయము, దినమంతటి శ్రమ ఆ 5 అడుగులతో నీటిపాలగును. అదే గుండును 1065 అడుగుల వేగమునకు కూర్చుకొన్నవానికి అంకము 132.06. వాని వేగము 50 అడుగులు తగ్గినను 125.86 తో గట్టెక్కును. వెనుదన్నులో హెచ్చు నూటికి ఐదాఱు వంతులు మాత్రమే. ఎండ, చలి, మందు రాశి, కొలుచు యంత్రము మాఱినప్పుడెల్ల వేగము మాఱుచుండగా, ఇంత స్వల్పమైన మూల్యమునకు ఇంత నిశ్చింత లభించునపుడు దానిని కాదనుట వివేకమా?

ఇక రెండవ మాట. పొరుగువాని చేనికి కలిసివచ్చిన విత్తనము మన చేనికిని కలిసివచ్చునని నమ్మి చల్లు రైతు కలడా? తూటా విషయమును అంతియే. ఒకని గొట్టములో సులువుగా దిగిన తూటా వేఱొకని గొట్టములో బిగిసికొనవచ్చును. కావున గొట్టమును విప్పి, తూటాను అందు జార విడిచి, టక్కున దిగి తేలికగా తిరుగుచున్నదో లేదో చూచి నిడివిని నిర్ణయించుకొనవలెను. 2020, 2021 సంవత్సరములలో అమెరికాలో ప్రైమర్లు కఱవై పలువురు దొరికినవానినే వాడుకొనవలసివచ్చినది. అట్లు ఏ వస్తువు మాఱినను పరీక్షను మొదటినుండి జరుపవలసినదే. మందు తయారుదారులు ప్రకటించిన పట్టికలను విడిచి, మిత్రుని నోటిమాటను బట్టి మందు పోయుట సాహసము గాదు, అవివేకము.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. ఈ తూటాలలో పట్టు మందు కొద్దిపాటిది. కొన్ని కూర్పులలో ఇత్తడి గుల్లలో రెండింతలు పడినను పైకి పొరలదు. అట్టి తూటా పిస్తోలును బ్రద్దలు చేయగలదు. మందు పడని తూటాలో ప్రైమరు శక్తితోనే గుండు కొంతదూరము పోయి గొట్టములో నిలిచిపోవును. దానివెనుక మఱియొక గుండు కాల్చినచో గొట్టము ఉబ్బుటయో పగులుటయో తప్పదు. అందుచేతనే చప్పుడు వింతగా నున్నచో అధికారి వెంటనే ఆపును. లోపము నిజమని తేలినచో ఆ పోటీదారునికి మరల కాల్చు నవకాశము లేదు. కావున ప్రతి గుల్లలోనికి తొంగిచూచి మందును కన్నులార చూచిన పిమ్మటనే గుండు నుంచువాడే నిజమైన పోటీదారుడు. గంటకెన్ని తూటాలు కూర్చితిమను గొప్ప ఆసుపత్రిలో అక్కఱకు రాదు.

మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాలను తయారు చేయుట నేరము. కావున ఈ వ్రాత ఎవరిని ఆ పనికి పురికొల్పుటకు గాదు. చట్టము అనుమతించిన దేశములలో ఈ క్రీడ నభ్యసించుచున్న తెలుగువారికి మా మాట యిది: ముందు క్షేమము, పిదప ప్రతి పర్యాయము తప్పక పేలుట, ఆపైన గీతకు తగిన యెడము, చివర మెత్తదనము. ఈ వరుసను తలక్రిందులు చేసినవానికి గెలుపు ఒకనాడు దొరకవచ్చును గాని నిలువదు. నియమపు టంచున నిలిచి నెగ్గజూచుటకంటె, నియమమునకు మించిన బలముతో నిలిచి నెగ్గుట క్రీడాకారునికి భూషణమని మా దృఢవిశ్వాసము.