గోడకన్నా ముందు మాట

మేం ప్రదర్శనలు కూర్చేవాళ్లం. మాలో చిత్రకారులు తక్కువ. విలేకరులు, నాటకాలవాళ్లు, లైబ్రరీల్లో పనిచేసేవాళ్లు ఎక్కువ. బొమ్మ వేయడం రానివాళ్లకు గ్యాలరీలో ఏం పని అంటారా? ప్రదర్శనలు కూర్చిన ఒక్వుయి ఎన్‌వెజోర్‌ను చూడండి.

1963లో నైజీరియాలోని కలబార్‌లో పుట్టాడాయన. అమెరికా వెళ్లి చదివింది రాజనీతిశాస్త్రం, రాసింది కవిత్వం. ఆఫ్రికా సమకాలీన కళను విమర్శకులు పట్టించుకోకపోతే 1994లో ‘ఎన్‌కా’ పత్రికే పెట్టాడు. 1997లో జొహానెస్‌బర్గ్ బినాలే అనే పెద్ద కళాప్రదర్శన కూర్చాడు. డబ్బు కటకటతో దాన్ని గడువుకు ముందే మూసేశారు.

మాకు దారి చూపింది మాత్రం ఆయన కూర్చిన 2002 నాటి పదకొండో డాక్యుమెంటా కళాప్రదర్శన. జర్మనీలోని కాసెల్‌లో బొమ్మలు పెట్టడానికి ఏడాది ముందే ఆయన చర్చలు మొదలుపెట్టాడు. వియన్నా, బెర్లిన్‌లలో ప్రజాస్వామ్యం మీద, ఢిల్లీలో దమనకాండల తర్వాతి న్యాయం మీద, సెయింట్ లూసియాలో కలగలిసిన సంస్కృతుల మీద, లాగోస్‌లో ఆఫ్రికా నగరాల మీద. ఈ నాలుగు చర్చల తర్వాత కాసెల్ ప్రదర్శన అయిదో వేదిక, చివరిది. అంటే గోడ దగ్గరికి వచ్చేసరికే సగం వాదన నడిచిపోయింది.

ఆయన ప్రతి పనికీ మేం తలూపం. 2015లో తాను కూర్చిన వెనిస్ బినాలేలో మార్క్స్ ‘పెట్టుబడి’ని దాదాపు ఏడు నెలలపాటు గొంతెత్తి చదివించాడు. అదే ఊరికి కోటీశ్వరులు పడవలేసుకుని బొమ్మల బేరాలకు వచ్చారు. ఆ పేచీ ఆయనకూ తెగలేదు, మాకూ తెగదు. దేశాలు తిరగడమే ఘనత అనీ మేం అనం. చదువుల మధ్య కంచె దాటడం అంతకంటే కష్టం.

ఇక మన సంగతి. తెలంగాణలోని చేర్యాలలో గీసే కథల పటం పుట్టింది పాడి చూపించడానికి. కూనపులి అనే గాయకుల బృందం దాన్ని విప్పి పద్మశాలీల ముందు మార్కండేయ పురాణం పాడుతుంది. అదే పటాన్ని నగరంలో అద్దం వెనక బిగించి, కింద ఇంగ్లీషులో రెండు వాక్యాలు అంటించి కళాఖండం అంటున్నాం. పాట పోయాక మిగిలింది ఎర్రరంగు నేపథ్యం.

అందుకే ఈ ప్రణాళిక. ఏ పటం పెట్టినా ముందు ఆ కథ ఎవరిదో ఆ కులంవాళ్ల ఊళ్లో కూర్చుని తెలుగులో మాట్లాడతాం. వాళ్లు వద్దంటే పెట్టం. కూర్పు బృందంలో కళాచరిత్ర చదవనివాళ్లు సగం ఉంటారు. గోడ మీద మొదటి భాష తెలుగు. పటానికి ఎంత ఖర్చు పెడితే పాడేవాళ్లకూ అంత ఇస్తాం. ఆ లెక్క గుమ్మం దగ్గరే అంటిస్తాం, ఒప్పుకోని స్పాన్సర్ డబ్బు ముట్టుకోం.