ఇంటి కుక్కకు బజారెందుకు?

మా రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఇళ్లు ఎక్కువ. బజారంతా మూటల ఆటోలు, హారన్లు, జనం. పోయిన ఎండాకాలం మా చిన్నోడు "రాజాను కూడా తీసుకుపోదామమ్మా" అని మారాం చేస్తే సరేనన్నాను. అదే నా పొరపాటు.

బస్టాండు దగ్గర హారన్ మోగగానే రాజా తోక ముడుచుకుంది. నేను పట్టించుకోలేదు. నిమరబోయిన ఓ పాప చేతికి పన్ను గాటు పడింది. ఆ తల్లి ముఖం ఇప్పటికీ మరిచిపోలేను. పక్క హోటల్లో నీళ్లడిగి, సబ్బుతో పావుగంట కడిగి, ఆస్పత్రికి తీసుకుపోయాం. కుక్కకు టీకా వేయించాం కదా అని ఊరుకోకూడదు. డాక్టరు చెప్పిన తేదీల్లో పాపకు సూదులన్నీ వేయించాం.

రాజా కరిచే రకం కాదండీ, బెదిరింది, అంతే. తోక ముడిచినా, చెవులు వెనక్కి వాల్చినా, నిద్ర లేకుండానే ఆవలించినా, ఊరికే మూతి నాక్కున్నా వెంటనే ఇంటికి తిప్పండి. రోడ్డు మీద మీ అరచెయ్యి ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే దాని పాదాలకూ అంతే.

ఇప్పుడు మేం తెల్లవారుజామున, సందడి లేని వీధిలో, పొట్టి తాడుతో తిప్పుతున్నాం. బజారుకు, జాతరకు మాత్రం రాజా రాదు. అలిగేది మా చిన్నోడే, రాజా కాదు!