ఇంటి ఫొటోలకు మూడో ప్రతి, అదీ వేరే ఊళ్లో

ఇరవై, పాతికేళ్ల కిందటి వరకు తెలుగు కుటుంబాల ఫొటోలు గోడకు వేలాడే పటాల్లోనూ, బీరువాలోని ఆల్బముల్లోనూ, నెగిటివులతో సహా ఒకే ఇంట్లో ఉండేవి. నేడు అవి తండ్రి ల్యాప్‌టాప్‌లో కొన్ని, తల్లి ఫోన్‌లో కొన్ని, విదేశంలో ఉన్న పిల్లల కంప్యూటర్లలో కొన్ని, పెళ్లికి స్టూడియోవారు ఇచ్చిన పెన్‌డ్రైవులో కొన్నిగా చెదిరిపోయి, మొత్తం ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో ఇంట్లో ఏ ఒక్కరికీ తెలియని స్థితి ఏర్పడింది. వీటన్నిటినీ ఒక్కచోటికి చేర్చాలన్న కోరిక చాలా ఇళ్లలో ఉంది, చేర్చిన కుటుంబాలూ ఉన్నాయి. అయితే చేర్చడం వేరు, కాపాడడం వేరు. మొదటి పని పూర్తి కాగానే రెండోది కూడా పూర్తయిందని నమ్మడంలోనే అసలు ప్రమాదం ఉంది. కనుక ప్రతి కుటుంబమూ తన ఫొటోలకు మూడు ప్రతులు ఉంచుకోవాలనీ, వాటిలో ఒకటి తప్పనిసరిగా వేరే ఊళ్లో ఉండాలనీ, ఆ మూడో ప్రతిని ఏటా సంక్రాంతికి కొత్తగా నింపుకోవాలనీ ఈ కరపత్రం ప్రతిపాదిస్తోంది.

రెండు మూడు పరికరాల్లోని ఫోల్డర్లు ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు చూసే ఏర్పాటును సింక్ అంటారు. సింక్‌థింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఏ కంపెనీ సర్వరులోనూ ఫొటోలను నిల్వ పెట్టకుండానే హైదరాబాదులోని కంప్యూటరునూ డాలస్‌లోని కంప్యూటరునూ కలుపుతుంది. ఐక్లౌడ్ ఫొటోస్, గూగుల్ ఫొటోస్ వంటి సేవలు అదే పనిని తమ సర్వర్ల ద్వారా చేస్తాయి. ఒకచోట జరిగిన మార్పును అన్నిచోట్లకూ చేర్చడమే సింక్ పని గనుక, ఫోన్‌లో జాగా చాలడం లేదని ఒకరు చెరిపేసిన ఫొటో మిగిలిన పరికరాల్లో కూడా చెరిగిపోతుంది. చెరిపినవాటిని ఐక్లౌడ్ సుమారు 30 రోజులు, గూగుల్ ఫొటోస్ తన సర్వర్లకు చేరినవాటిని 60 రోజులు విడిగా దాచి, ఆ తర్వాత శాశ్వతంగా తీసేస్తాయి. వేసవి సెలవుల్లో ఎవరి చెయ్యో తగిలి పోయిన అన్నప్రాశన ఫొటోల సంగతి దసరాకు గాని బయటపడకపోతే, అప్పటికి గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

వైరస్ విషయంలోనూ ఇంతే. ఫైళ్లను తెరవడానికి వీల్లేని సంకేతలిపిలోకి మార్చి, విడిపించడానికి డబ్బు అడిగే ప్రోగ్రాములను రాన్సమ్‌వేర్ అంటారు. 2017 మే నెలలో ప్రపంచమంతటా వ్యాపించిన వాన్నాక్రై అటువంటిదే, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఇంట్లోని ఒక కంప్యూటరుకు ఇలాంటిది సోకితే, పాడైన ఫైళ్లనే కొత్త మార్పులుగా భావించి సింక్ వాటిని మిగిలిన కంప్యూటర్లకు పంపుతుంది. బ్యాకప్ దీనికి భిన్నమైనది. ఫలానా తేదీన ఫొటోలు ఎలా ఉన్నాయో అలాగే నకలు తీసి, వాడుకలో ఉన్న కంప్యూటరు నుంచి కేబుల్ ఊడదీసి విడిగా దాచిన ప్రతి బ్యాకప్ అవుతుంది. ఆ తర్వాత కంప్యూటరులో ఏం జరిగినా ఆ ప్రతికి చేటు రాదు.

అమెరికన్ ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన మూడు-రెండు-ఒకటి నియమం ప్రకారం మొత్తం మూడు ప్రతులుండాలి, అవి కనీసం రెండు రకాల నిల్వ సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. ఈ మూడో షరతును ఇక్కడి కుటుంబాలు దాదాపుగా పట్టించుకోవు. 2020 అక్టోబరులో హైదరాబాదు పాతబస్తీనీ, శివారు కాలనీలనీ నీళ్లు ముంచెత్తినప్పుడు గానీ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు గానీ, ఇంట్లోని కంప్యూటరుకూ, దాని పక్క సొరుగులోని హార్డ్‌డిస్కుకూ పట్టేది ఒకే గతి. దొంగతనమైనా, అగ్నిప్రమాదమైనా అంతే. ఒకే ఇంట్లో ఎన్ని ప్రతులున్నా, ఇటువంటి ఆపద ముందు అవన్నీ కలిసి ఒక్క ప్రతి కిందే లెక్క.

క్లౌడ్‌లో ఉన్నాయి కదా అనే ధీమాను కూడా తూచి చూడాలి. ఒకప్పుడు తెలుగు యువత ఫొటోలతో నిండిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్‌వారి పాత ఫొటో సేవ పికాసా 2016లో ఆగిపోయింది. 2015లో హద్దు లేని ఉచిత నిల్వతో మొదలైన గూగుల్ ఫొటోస్, 2021 జూన్ 1 నుంచి కొత్త ఫొటోలన్నిటినీ ఖాతాకు ఉచితంగా ఇచ్చే 15 జీబీ లెక్కలోకి తెచ్చింది. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే నియమాన్ని గూగుల్ 2023లో ప్రకటించింది. ఇంటి పెద్ద కన్నుమూసిన తర్వాత ఆయన ఖాతా పాస్‌వర్డు ఎవరికీ తెలియకపోతే, అందులోని ఫొటోలకు ఈ నియమమే వర్తిస్తుంది. తన తదనంతరం ఖాతాలోని సమాచారం ఎవరికి అందాలో ముందే నమోదు చేసే సదుపాయం గూగుల్‌లోనూ, యాపిల్‌లోనూ ఉంది. పెద్దల ఫోన్లలో దాన్ని నింపిపెట్టడం పిల్లలు ఈ వారమే చేయదగిన పని. క్లౌడ్‌ను మానుకోవాలని ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు. మూడు ప్రతుల్లో దాన్ని ఒకటిగా లెక్కించవచ్చు, మూడుగా లెక్కించకూడదు.

ఫొటోలను కూడగట్టే దశలోనే చాలా నష్టం జరుగుతుంది గనుక ఆ పనిలో తొందర పనికిరాదు. డిజిటల్ కెమెరాలు ఫొటోలకు డీఎస్‌సీ_0001 వంటి పేర్లు పెడుతూ పోయి, 9999 దాటగానే లెక్కను మళ్లీ మొదటికి తెస్తాయి. అందువల్ల తిరుపతి యాత్ర ఫొటోకూ, ఆ తర్వాతెప్పుడో జరిగిన సీమంతం ఫొటోకూ ఒకే పేరు ఉండవచ్చు. రెండిటినీ ఒకే ఫోల్డరులో వేస్తూ, కంప్యూటరు అడిగిన ప్రశ్నకు ‘రీప్లేస్’ అని నొక్కితే మొదటిది ఆ క్షణమే పోతుంది. ప్రతి ఫోనుకూ, ప్రతి కెమెరాకూ వేరు వేరు ఫోల్డర్లు పెట్టి ముందుగా ఉన్నదున్నట్టు దింపుకొని, దానికి నకలు తీసిన తర్వాతే ఒకేలాంటివాటిని ఏరివేయడం మంచిది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలను అసలు ప్రతులుగా భావించకూడదు. అవి పరిమాణం తగ్గి వస్తాయి, ఎగ్జిఫ్ సమాచారాన్ని, అంటే కెమెరా ఫొటోలోనే దాచే తేదీ, సమయం, స్థలం వంటి వివరాలను, పోగొట్టుకుంటాయి. బంధువుల నుంచి ఫొటో తెప్పించుకునేటప్పుడు డాక్యుమెంటుగా పంపమని అడిగితే ఈ రెండూ నిలుస్తాయి. పెళ్లి స్టూడియోలు సైతం ఆల్బముతో పాటు ఎంపిక కాని ఫొటోలతో సహా అసలు ఫైళ్లన్నిటినీ కుటుంబానికి అప్పగించడాన్నీ, తమ దగ్గరి ప్రతిని ఎంతకాలం ఉంచుతాయో రసీదు మీద రాసివ్వడాన్నీ ఆనవాయితీగా చేసుకోవాలి. బయానా ఇచ్చేటప్పుడే కుటుంబాలు ఈ మాట అడగాలి.

ఖర్చు ఎక్కువన్న అభ్యంతరం నిలవదు. ఫొటో సగటున 4 ఎంబీ ఉంటుందనుకుంటే ఒక టీబీ డిస్కులో రెండున్నర లక్షల ఫొటోలు పడతాయి. దాని ధర పెళ్లి ఆల్బముకు అయ్యే ఖర్చులో చిన్న భాగం. పెన్‌డ్రైవులూ, ఎస్‌ఎస్‌డీలూ ఫొటోలను విద్యుదావేశం రూపంలో దాచుకుంటాయి గనుక ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా ఉంటే ఆ ఆవేశం తగ్గిపోవచ్చు. కాబట్టి బీరువాలో పెట్టే ప్రతికి పళ్లెం తిరిగే పాత తరహా హార్డ్‌డిస్కే మేలు. ఈ డిస్కుకు పాస్‌వర్డు పెట్టకపోవడమే ఉత్తమం, ఎందుకంటే పదేళ్ల తర్వాత దాన్ని తెరవవలసినవారికి ఆ పాస్‌వర్డు తెలిసే అవకాశం తక్కువ. ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌పుస్తకం వంటివాటి ఫొటోలను మాత్రం ఇందులో కలపకూడదు.

సంక్రాంతిని సూచించడానికి కారణం, ఏడాదిలో ఎక్కువ కుటుంబాలు సొంత ఊళ్లో కలిసేది అప్పుడే కావడం. రెండు డిస్కులు కొని, ఒకటి ఊళ్లోని పెద్దల ఇంట్లో, మరొకటి పట్నంలో ఉంచాలి. పండక్కి వెళ్లేవారు ఆ ఏటి ఫొటోలన్నీ నింపిన డిస్కును తీసుకువెళ్లి అక్కడ పెట్టి, అక్కడున్న పాతదాన్ని వెనక్కి తెచ్చి, మరుసటి ఏటికి నింపాలి. మార్చేముందు అక్కడక్కడా కొన్ని ఫోల్డర్లు తెరిచి, ఫొటోలు నిజంగా కనిపిస్తున్నాయో లేదో చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మడానికి లేదు. ఈ పనికి కుటుంబంలో ఒకరు పేరుపెట్టి బాధ్యత తీసుకోవాలి, అందరి పనిగా వదిలేస్తే ఎవరూ చేయరు. సొంత ఊరితో సంబంధం లేనివారికి వేరే నగరంలో ఉన్న తోబుట్టువుల ఇల్లు సరిపోతుంది.

ఈ కరపత్రం చదివిన ప్రతి కుటుంబమూ వచ్చే భోగి లోపల డిస్కులు కొని, బాధ్యుణ్ని నిర్ణయించుకొని, మూడో ప్రతిని సొంత ఊరికి చేర్చవలసిందిగా విజ్ఞప్తి.