ఆరోగ్య వేదిక: పాత మచ్చను మరువరాదు

యాభయ్యవ పడిలో ఉన్న మా సహోద్యోగి ఒకరు పొట్ట పైభాగాన కుడివైపు తరచు వచ్చే నొప్పిని మూడేళ్ళపాటు గ్యాస్ ట్రబుల్‌గానే భావించి మాత్రలతో సరిపెట్టుకున్నారు. ఒకనాడు చలిజ్వరం వచ్చి కళ్ళు పచ్చబడ్డాయి. పొట్టపైనున్న పాత మచ్చ ఏమిటని డాక్టరు అడుగగా, ఐదేళ్ళ వయస్సులో ఏదో ఆపరేషన్ జరిగిందని మాత్రమే ఆయన చెప్పగలిగారు. కాగితాలు లేవు. స్కానింగులో బయటపడినది పైత్యనాళపు తిత్తి.

కాలేయంలో తయారైన పైత్యరసాన్ని చిన్నప్రేగుకు చేర్చే గొట్టమే పైత్యనాళం. క్లోమనాళం దీనితో ప్రేగు గోడలో కలవవలసి ఉండగా, కొందరిలో పుట్టుకతోనే గోడకు వెలుపల కలుస్తుంది. అక్కడ కండర కవాటపు అదుపు లేనందున క్లోమరసం ఎగదన్ని నాళపు గోడను దెబ్బతీస్తుందని 1969లో బాబిట్ వివరించారు. చెక్ వాల్వు లేని లైనులో ఎదురు ప్రవాహం చేసే చేటు మనకు తెలియనిది కాదు.

నొప్పి, కామెర్లు, చేతికి తగిలే గడ్డ అనే మూడు లక్షణాలూ పెద్దలలో ఒక్కసారిగా కనబడుట అరుదు. అందుచేతనే ఇది పిత్తాశయపు రాళ్ళుగానో, అజీర్ణంగానో పొరబడబడుతుంది. మొదట అల్ట్రాసౌండ్, పిమ్మట ఎం.ఆర్.సి.పి. పరీక్ష నాళపు రూపాన్ని స్పష్టపరుస్తాయి. 1977లో తొదాని రూపొందించిన వర్గీకరణలో ఐదు రకాలున్నాయి. కాలేయం వెలుపలి ప్రధాన నాళం ఉబ్బే మొదటి రకమే అధికం.

ఒకప్పుడు తిత్తిని అలాగే ఉంచి ప్రేగుకు కలిపేవారు. మా మిత్రునికి జరిగినది అదే. పైత్యరసం పారింది, కామెర్లు తగ్గాయి. కాని చెడిన గోడ లోపలే మిగిలింది. అటువంటి గోడలో రాళ్ళు, చీముతో పాటు కాలక్రమాన క్యాన్సర్ కూడా పుట్టవచ్చు. పాడైన పాత్రకు బైపాస్ లైను వేసినంత మాత్రాన పాత్ర బాగుపడదు కదా! అందుచేత నేడు మొదటి రకానికి తిత్తిని, పిత్తాశయాన్ని పూర్తిగా తొలగించి, స్విస్ శస్త్రవైద్యుడు రూ పేరిట ప్రసిద్ధమైన వై ఆకారపు పద్ధతిలో చిన్నప్రేగును కాలేయనాళానికి కలుపుతారు. కాలేయం లోపలి తిత్తులకు చికిత్స వేరు.

పాత అతుకుల మూలంగా మా మిత్రుని ఆపరేషన్ చాలాసేపు సాగింది. బయాప్సీ ఫలితం వచ్చేవరకు ఆ ఇంట ఎవరికీ కంటిమీద కునుకు లేదు. క్యాన్సర్ లేదని తెలిసిన నాడు మేమూ ఊపిరి పీల్చుకున్నాము. అయినా ఆయనకు జీవితాంతం పరీక్షలు తప్పవు.

యంత్రానికి హిస్టరీ కార్డు రాసే మనం మన శరీరానికి రాసుకోము. బాల్యంలో ఆపరేషన్ జరిగినవారు పెద్దలను అడిగి వివరాలు భద్రపరచవలెనని, వార్షిక వైద్యపరీక్షలో తప్పక తెలుపవలెనని మా మనవి.