డబ్బా మీది చీటీ

వంటింట్లో పక్కపక్కనే రెండు స్టీలు డబ్బాలు. ఒకదాంట్లో పంచదార, ఇంకోదాంట్లో మెత్తటి ఉప్పు. చీటీలు అంటించి ఉన్నన్నాళ్లూ ఏ గొడవా లేదు. అవి ఊడిపోయిన రోజున మాత్రం... తప్పు డబ్బా తెరిచిన సంగతి కాఫీ నోట్లో పోసుకున్నాకే తెలుస్తుంది!

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లది సరిగ్గా ఇదే బాధ. ఆబ్జెక్ట్ ఓరియంటెడ్ భాషల్లో సమాచారాన్ని గుంపుగా దాచిపెట్టే డబ్బాలుంటాయి. వాటిని కలెక్షన్లు అంటారు. జావా తొలి రోజుల్లో అయినా, 2002లో డాట్‌నెట్ వచ్చినప్పుడైనా ఈ డబ్బాల్లో ఏది పడితే అది పడేయొచ్చు. పేర్లు, అంకెలు, తేదీలు... అడిగే దిక్కు లేదు. వేసేటప్పుడు హాయిగానే ఉండేది. పేరు ఉందనుకుని చెయ్యి పెడితే అంకె తగిలేది, ప్రోగ్రామ్ అక్కడికక్కడే కూలబడేది. అదీ రాసినవాళ్ల బల్ల మీద కాదు, డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్ల ఆఫీసులో!

దీనికి కనిపెట్టిన మందే జెనరిక్స్. డబ్బా చేసేటప్పుడే ‘ఇది పేర్ల డబ్బా’ అని చీటీ అంటిస్తారు. అందులో అంకె వేయబోతే కంపైలర్ మొదట్లోనే చెయ్యి పట్టుకుని ఆపేస్తుంది. మందు ఒకటే. కాకపోతే జావావాళ్లు ఒకలా, డాట్‌నెట్‌వాళ్లు ఒకలా నూరారు.

జావాకు జెనరిక్స్ ఎలా చేర్చాలో 1998లో నలుగురు పరిశోధకులు ఓ దారి చూపించారు. గిలాడ్ బ్రాచా, మార్టిన్ ఒడెర్‌స్కీ, డేవిడ్ స్టౌటమైర్, ఫిలిప్ వాడ్లర్. అప్పటికే లోకమంతా జావా ప్రోగ్రాములు నడుస్తున్నాయి. వాటిని కదిలించకూడదు, పాతదీ కొత్తదీ కలిసి కాపురం చెయ్యాలి. అందుకని ఓ ఉపాయం చేశారు. కంపైలర్ చీటీ చూసి తనిఖీ చేస్తుంది. తనిఖీ అయిపోగానే ఆ చీటీని పీకి పారేస్తుంది! దీని పేరు టైప్ ఎరేజర్. 2004 సెప్టెంబరులో వచ్చిన జావా 5 ఈ దారిలోనే నడిచింది. అందుకే జావాలో నడుస్తున్న ప్రోగ్రామును పట్టుకుని, ‘ఈ పేర్ల డబ్బా ఏ జాతి, ఆ అంకెల డబ్బా ఏ జాతి’ అని అడిగితే రెండింటికీ ఒకటే జవాబు... అర్రేలిస్ట్.

ఇక కేంబ్రిడ్జ్‌లోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో డాన్ సైమ్, ఆండ్రూ కెన్నెడీ మరోలా ఆలోచించారు. చీటీని డబ్బాలోకే పోతపోసేశారు. ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు కూడా అది చెరగదు. 2005లో డాట్‌నెట్ 2.0తో ఇది జనం చేతికొచ్చింది. ఊరికే రాలేదు లెండి. పాత డబ్బాలను పాత అరలోనే వదిలేసి, కొత్తవాటికి వేరే అర కట్టాల్సి వచ్చింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఏ చీటీ అంటించాలో ప్రోగ్రామ్ రాసేటప్పుడు తెలియకపోతే? ఇలా ఎందుకవుతుందంటారా? ఫైల్లోని సమాచారాన్ని చదివి డబ్బాల్లోకి సర్దిపెట్టే ఓ లైబ్రరీ ఉందనుకోండి. దాన్ని రాసినవాళ్లకు రేపు దాన్ని వాడబోయేవాళ్లు ఖాతాదారుల జాబితా అడుగుతారో, రైలు టికెట్ల జాబితా అడుగుతారో ఏం తెలుస్తుంది? అప్పుడు అక్కరకొచ్చేదే రిఫ్లెక్షన్. ప్రోగ్రామ్ నడుస్తూ నడుస్తూ తనను తాను అద్దంలో చూసుకోవడమన్నమాట.

కొత్తగా నేర్చుకునేవాళ్లు సీ షార్ప్‌లో ఇక్కడే తడబడతారు. టైపును ఓ వేరియబుల్‌లో పెట్టి, ఆ వేరియబుల్ పేరును చీటీ స్థానంలో రాసేస్తారు. కంపైలర్ ససేమిరా అంటుంది. దానికి రాసేటప్పుడే తెలిసిన పేరు కావాలి, వేరియబుల్‌లో ఏముందో నడిస్తేగానీ తెలియదు మరి! దారి వేరే ఉంది. చీటీ ఖాళీగా ఉన్న లిస్ట్‌ను తీసుకుని, ‘మేక్ జెనరిక్ టైప్’ అనే పద్ధతికి టైపును అందిస్తే చీటీ నింపిస్తుంది. ‘యాక్టివేటర్’కి చెబితే డబ్బా తయారు చేసి ఇస్తుంది. వచ్చిన డబ్బాను పిలవడానికి కంపైలర్‌కు పేరు తెలియదు కాబట్టి ఐలిస్ట్ అనే పాత అరలోని పిడి పట్టుకుని వాడుకోవాలి. చీటీల కాలానికి ముందు సామాను ఇక్కడ అక్కరకొచ్చింది చూశారా! ఆ పిడి పట్టుకుని పేర్ల డబ్బాలో అంకె వేయబోయినా డబ్బా ఊరుకోదు, ఎర్రర్ ఇస్తుంది.

జావాలో అయితే ఇంత తతంగం లేదు. ఓ అర్రేలిస్ట్ చేస్తే చాలు, ఏదైనా పడుతుంది. ఆ హాయే కొంప ముంచేది. తప్పుడు వస్తువు వేసినప్పుడు చప్పుడు కాదు. ఎప్పుడో, ఎవరో రాసిన వేరే లైనులో దాన్ని తీసినప్పుడు పేలుతుంది. పాపం వాళ్లు ఏ తప్పూ చెయ్యకపోయినా రాత్రంతా కూర్చుని వెతకాలి! ఇది తప్పించుకోవడానికి ‘చెక్డ్ లిస్ట్’ అనే కాపలా డబ్బా ఉంది. ఇంకో కిటుకు కూడా ఉంది. జావా డబ్బా మీది చీటీనే పీకుతుంది, క్లాసును ప్రకటించేటప్పుడు రాసిన చీటీని మాత్రం ఉంచేస్తుంది. ఆ సందు చూసి 2006లో నీల్ గాఫ్టర్ ‘సూపర్ టైప్ టోకెన్’ ఉపాయం చెప్పారు. జేసన్ సమాచారం చదివే జాక్సన్ లైబ్రరీ దాన్నే వాడుకుంటుంది.

ఇదంతా విని జావావాళ్లు తెలివితక్కువ పని చేశారని తీర్పు చెప్పేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లు ఐఫోన్ సంగతి కూడా వినాలి. ఐఫోన్‌లో మామూలు యాప్‌లు నడుస్తూ నడుస్తూ కొత్త మెషిన్ కోడు పుట్టించుకోవడానికి వీల్లేదు. అంతా ముందే తయారై ఉండాలి. డాట్‌నెట్ అంకెల్లాంటి వేల్యూ టైపులకు ఒక్కో చీటీకీ ఒక్కో కోడు తయారు చేస్తుంది. ముందు ఊహించని చీటీ నడిచేటప్పుడు అడిగితే ఎక్కణ్నుంచి తెస్తుంది? యూనిటీతో గేములు చేసేవాళ్లు చాలాకాలం ఈ దెబ్బ తిన్నారు. కంప్యూటర్లో చక్కగా ఆడిన గేము ఫోన్‌లో ఆగిపోయేది. చీటీ లేని జావా డబ్బాకు ఎప్పుడూ ఒకటే కోడు కాబట్టి ఈ చిక్కే లేదు!

గేములవాళ్లు చివరికి ఓ నాటు వైద్యం కనిపెట్టారు. కావలసిన చీటీలన్నిటితో డబ్బాలు చేసే ఓ ఫంక్షన్ రాసి, ప్రోగ్రాములో ఓ మూల పడేసేవారు. దాన్ని ఎవరూ ఎప్పుడూ పిలవరు. కంపైలర్ కంటబడితే చాలు, ఆ కోడు ముందే తయారైపోతుంది. ఇప్పటికీ పాత ప్రాజెక్టుల్లో ఆ ఫంక్షన్లు కనిపిస్తాయి, పైన ఓ కామెంటుతో సహా... ‘దయచేసి దీన్ని తీసెయ్యకండి’ అని.